రింగుకి ఎడమ పక్క బావి

"ఈసారి కూడా మొదటి రౌండులోనే తిరిగొస్తే, వచ్చే ఏడాది నుంచి మగపిల్లల బాస్కెట్‌బాల్‌కి ఎంట్రీ పంపేది లేదండీ" అన్నారు రిజిస్ట్రార్ గారు.

ఆ మాట అంటూ ఆయన నా మొహం కూడా చూడలేదు. బల్ల మీదున్న టీ కప్పు మూత తీసి పక్కన పెట్టి, చల్లారిందో లేదో వేలితో తాకి చూసుకున్నారు. నేను మా యూనివర్సిటీలో ఫిజికల్ డైరెక్టర్‌ని, మగపిల్లల బాస్కెట్‌బాల్ జట్టుకి కోచ్‌ని. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని గేటు దగ్గర వాచ్‌మన్ నుంచి వైస్ ఛాన్సలర్ గారి దాకా అందరికీ తెలుసు. ఆ రోజు మాత్రం కోప్పడలేదు. ఆయన అన్నదాంట్లో అబద్ధం లేదు మరి.

"ఎంట్రీ పోతే జట్టు పోయినట్టేనండి" అన్నాను.

"గెలవని జట్టు ఉన్నా ఒకటే, పోయినా ఒకటే కదండీ" అన్నారాయన, టీ తాగుతూ.

బయటికొచ్చి వరండాలో చాలాసేపు నిలబడ్డాను. ఎంట్రీ ఆగితే ఏమవుతుందో నాకు తెలుసు. వాలీబాల్ కోర్టు అలాగే పోయింది. ఒక ఏడాది జట్టుని పంపలేదు. మరుసటి ఏడాదికి అక్కడ కార్లు పెట్టుకునే షెడ్డు లేచింది. ఇప్పుడక్కడ వాలీబాల్ ఆడేవాళ్లమని చెబితే పిల్లలు నమ్మరు.

మా జట్టు చరిత్రంతా రెండు ముక్కల్లో చెప్పొచ్చు. ఇంటి దగ్గర మమ్మల్ని కొట్టినవాడు లేడు. బయటికెళ్లి మేం కొట్టినవాడూ లేడు. యూనివర్సిటీల మధ్య జోన్ పోటీలు ఏటా ఏదో ఒక ఊళ్లో జరుగుతాయి. ఏటా మేం పచ్చళ్ల సీసాలు సర్దుకుని రైలెక్కుతాం, ఒక్క ఆట ఆడి ఓడిపోతాం, ఆ సీసాలు సగం కూడా ఖాళీ కాకుండానే దిగుతాం. ఆ రైలు నేను ఆటగాడిగా ఎక్కాను, కోచ్‌గానూ ఎక్కాను. రైలు అదే, మొహాలు వేలాడేసుకునే తీరూ అదే.

దీనికంతటికీ కారణం మా కోర్టులో ఉన్న బావి.

బావంటే నీళ్ల బావి కాదు. మా యూనివర్సిటీ కట్టింది పత్తి చేల మధ్య. అంతా నల్లరేగడి. వానొస్తే ఆ మట్టి ఉబ్బుతుంది, ఎండకి చేయి దూరేంత నెర్రెలిస్తుంది. అందుకే మా ప్రాంతంలో ఎవరు ఇల్లు కట్టినా ముందు నల్లమట్టి తీయించి, ఇసుకో గ్రావెలో పోయించి, ఆ తర్వాతే పునాది మాట ఎత్తుతారు. ఇది అందరికీ తెలిసిన సంగతే. కానీ బాస్కెట్‌బాల్ కోర్టు ఇల్లు కాదు కదా అనుకున్నారు అప్పటి పెద్దలు. ఎవరో మంత్రిగారు ప్రారంభానికి వస్తున్నారని నిండు వేసవిలో, నెర్రెలిచ్చిన నేల మీద కంకర పరిచి సిమెంటు పోసేశారు. మంత్రిగారు వచ్చి, బంతి విసిరి, రింగుకి మూరెడు దూరంలో పోనిచ్చి, చప్పట్లు కొట్టించుకుని వెళ్లారు. తర్వాత వానలొచ్చాయి, ఎండలొచ్చాయి. కింద మట్టి ఉబ్బి, దిగి, ఉబ్బి, దిగి, సిమెంటు పలకల కింద అక్కడక్కడా డొల్ల పడింది.

అన్నిటికన్నా పెద్ద డొల్ల హాస్టల్ వైపు రింగుకి ఎడమ పక్కన ఉంది. పైకి ఏమీ కనబడదు. ఒక మంచం పరిచేంత జాగా, అంతే. కానీ అక్కడ బంతి కొడితే పైకి లేవదు. మిగతా చోట 'టప్' మని నడుం దాకా వచ్చే బంతి, అక్కడ 'బొత్' మని మోకాలి కింద చచ్చిపోతుంది. మొదటి బ్యాచ్ వాళ్లు దానికి బావి అని పేరు పెట్టారు. అందులో వేసింది తిరిగి రాదని.

ఆ మొదటి బ్యాచ్ వాళ్లు మరో పని కూడా చేశారు. కొత్తగా జట్టులోకి వచ్చినవాడికి బావి చూపించే ఆచారం పెట్టారు. వాడి కళ్లు మూయించి, చేతికి బంతిచ్చి, మధ్య గీత దగ్గర వదిలేస్తారు. వాడు బంతి కొట్టుకుంటూ, చప్పుడు వింటూ నడవాలి. 'బొత్' మనబోయే ముందు, చప్పుడు కొంచెం బొంగురుపోయే చోట, ఆగిపోవాలి. ఆగినవాడు మా జట్టువాడు. ఆగకుండా బావిలో బంతి పడేసినవాడు ఆ సాయంత్రం అందరికీ మిరపకాయ బజ్జీలు పెట్టించాలి. నేనూ పెట్టించాను. పెట్టించనివాడు మా యూనివర్సిటీ చరిత్రలో లేడు.

ఆ తర్వాత ఇక బావి మనకి చుట్టం అయిపోతుంది. ఊళ్లోకి ఏ జట్టు వచ్చినా, బంతి పట్టుకున్నవాణ్ణి గొడ్డుని తోలినట్టు మెల్లగా ఆ పక్కకి తోలేవాళ్లం. వాడు దర్జాగా బంతి కొట్టుకుంటూ వచ్చి, బావి మీద చివరి దెబ్బ కొట్టి, ఖాళీ చెయ్యి ఊపుకుంటూ రెండడుగులు ముందుకి పోయేవాడు. బంతి వెనక ఉండిపోయేది. మావాడు దాన్ని తీసుకుని పరుగో పరుగు. ఒక్కోసారి బంతి పోయినవాడు తన అరచెయ్యి వంక చూసుకునేవాడు, తప్పు దానిదేమో అన్నట్టు. మాకు నవ్వాగేది కాదు.

రెండుసార్లు పైపైన సిమెంటు పూశారు. అది నిలవలేదు. పలకలు లేపి కింద మట్టి తీయించమని మాత్రం మేమెవరం గట్టిగా అడగలేదు. గెలిపిస్తున్న బావిని ఎవరు పూడ్పించుకుంటారు?

కానీ ఆ బావి మమ్మల్ని ఊరికే గెలిపించలేదు. అవతలి వైపు రింగు ఎప్పుడూ వంగే ఉండేది కాబట్టి మా ప్రాక్టీసంతా హాస్టల్ వైపే. ఏళ్ల తరబడి రోజూ ఎడమ పక్కకి పోకుండా ఆడీ ఆడీ, మా పిల్లలకి ప్రపంచంలో ఏ రింగు ముందు నిలబెట్టినా ఎడమ పక్కన బావి ఉన్నట్టే లెక్క. చక్కటి నున్నటి చెక్క నేల మీద కూడా సరిగ్గా అక్కడికి రాగానే బంతిని రెండు చేతులతో పట్టేసుకుని నిలబడిపోతారు. బంతి పట్టుకున్నాక మళ్లీ కొట్టకూడదు. ఇంకేముంది, అవతలివాళ్లు చుట్టుముట్టేస్తారు. బయటి ఊళ్లలో మా గురించి 'వీళ్లకి ఎడమ చెయ్యి లేదు' అనుకునేవాళ్లు. చెయ్యి ఉంది. కాలే పోదు.

ఈ సంగతి నాకు ఎప్పుడో తెలుసు. అరిచి, తిట్టి, ఈల అరిగేదాకా ఊది మానిపించాలని చూశాను. కుదర్లేదు. ఇప్పుడిక కుదరకపోతే జట్టే ఉండదు.

మా జట్టులో ఎవరికీ పేరుండదు, ఊరే పేరు. ఆ ఏడాది బంతి నడిపించేవాడు అద్దంకి. వాళ్ల నాన్న అక్కడి బస్టాండు దగ్గర టైర్లకి పంక్చర్లు వేస్తాడు. చెయ్యి పడితే గాలి ఎంతుందో చెప్పగలనని వాడు బంతులు నొక్కి చూస్తుండేవాడు. రింగు కింద నిలబడేవాడు పిడుగురాళ్ల. సున్నపు బట్టీల ఊరి నుంచి వచ్చిన ఆరున్నర అడుగుల మనిషి, మాట మాత్రం గొంతు దాటి రాదు. మూడోవాడు పర్చూరు, పొగాకు రైతు కొడుకు, నోరు మూతపడనివాడు. మిగతావాళ్లూ ఉన్నారు కానీ ఆట ఈ ముగ్గురి మీదే నడిచేది.

రిజిస్ట్రార్ గారి మాట నేను దాచకుండా వాళ్లకి చెప్పాను.

"అయితే ఇదే ఆఖరా సార్?" అన్నాడు పర్చూరు.

"ఒక్క ఆట గెలిస్తే కాదు."

"ఒక్క ఆటేగా సార్."

"ఆ ఒక్కటే ముప్పై ఏళ్లుగా ఎవడూ గెలవలేదురా" అన్నాను. వాడు తల గోక్కుని, మా మావయ్య పొగాకు గోడౌను ఖాళీగా ఉంది సార్, నేల నున్నగా ఉంటది, అక్కడ ఆడదామా అన్నాడు.

వాడు జీవితంలో చెప్పిన మొదటి పనికొచ్చే మాట అదే అనుకుంటాను. సీజను కాదు కాబట్టి గోడౌను నిజంగానే ఖాళీ. తలుపులు తీస్తే పాత పొగాకు వాసన గుప్పుమంది. రింగు లేదు కనుక గోడ మీద సుద్దతో గుండ్రం గీశాను. నేల మీద గీతలు గీశాను. బావి మాత్రం గీయలేదు. అద్దంకి బంతి కొట్టుకుంటూ వచ్చాడు. వాడి వేగం చూస్తుంటే నాకే ముచ్చటేసింది. సరిగ్గా గుండ్రానికి ఎడమ పక్కకి వచ్చేసరికి బంతిని రెండు చేతులతో పట్టేసుకుని నిలబడ్డాడు.

"ఏరా, ఏముందిరా అక్కడ?"

"ఏం లేదు సార్."

"మరి ఆగావేంది?"

వాడు నేల వంక చూశాడు, నా వంక చూశాడు. "తెలవకుండానే ఆగిపోతన్నా సార్" అన్నాడు.

మళ్లీ పంపాను. మళ్లీ ఆగాడు. నేను తిట్టిన తిట్లకి పర్చూరు వాళ్ల మావయ్య పక్క కొట్లో నుంచి పరుగెత్తుకొచ్చి, ఎవరికైనా దెబ్బ తగిలిందా అని అడిగాడు. వారం రోజులూ అదే తంతు. గోడౌనులో దుమ్ముకి అందరికీ దగ్గు పట్టుకుంది, ఎడమ పక్కకి మాత్రం ఒక్కడూ పోలేదు. రైలెక్కే రోజు రానే వచ్చింది. నాకు రెండు రాత్రుల నుంచి కంటి మీద కునుకు లేదు. మా ఆవిడ "మీరు ఆడతారా, వాళ్లు ఆడతారా?" అంది సంచీ సర్దుతూ. ఆడేది నేనైతే ఇంత భయం ఉండేది కాదు.

పోటీలు తమిళనాడులో. పెద్ద ఇండోర్ స్టేడియం. చెక్క నేల మీద మా మొహాలు కనబడుతున్నాయి. మా పిల్లలు బూట్లు విప్పి లోపలికి రావాలేమోనని గుమ్మం దగ్గర ఆగారు. మాకు పడ్డ జట్టు ఒక పెద్ద నగరం నుంచి వచ్చింది. పోయినేడు వాళ్లు చివరి నాలుగు జట్లలో ఉన్నారు. వాళ్ల కోచ్ సన్నగా, తెల్ల గడ్డంతో, చేతులు కట్టుకుని కూర్చున్నాడు. ఆట మొదలయ్యాక కూడా ఆయన అరవలేదు, లేవలేదు. అరిచేవాణ్ణి చూసి నేను భయపడను. అలా కూర్చున్నవాణ్ణి చూస్తేనే భయపడతాను.

మొదటి పావు ఆట బాగానే ఆడాం. పిడుగురాళ్ల రింగు కింద గోడలా నిలబడ్డాడు. అద్దంకి కుడి పక్క నుంచి దూసుకెళ్లి పాయింట్లు తెచ్చాడు. రెండు జట్లూ సమానంగా ఉన్నాయి. నా పక్కన బెంచీ మీద కుర్రాళ్లు ఎగురుతున్నారు. నేను ఎగరలేదు. తెల్లగడ్డం ఆయన చూపు మా పిల్లల కాళ్ల మీద ఉంది. బంతి మీద లేదు.

రెండో పావులో ఆయన కూర్చున్న చోటి నుంచే చెయ్యి చిన్నగా కదిపాడు, ఈగని తోలినట్టు. అంతే. అద్దంకికి అడ్డంగా నిలబడేవాడు పూర్తిగా కుడి పక్కకి జరిగిపోయాడు. ఎడమ పక్కన ఒక్క మనిషి లేడు. తలుపు బార్లా తీసిపెట్టి, రా నాయనా అంటున్నారు. మావాడు గడప దగ్గర బంతి పట్టుకుని నిలబడ్డాడు. బంతి లాక్కున్నారు. మళ్లీ వచ్చాడు, మళ్లీ ఆగాడు, మళ్లీ లాక్కున్నారు. గ్యాలరీలో నవ్వులు మొదలయ్యాయి. మా ఇంటి దగ్గర వచ్చినవాళ్లని చూసి మేం నవ్వే నవ్వు అదే. ఇప్పుడది మా మీద పడుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది. ఒళ్లు మండి ఏం లాభం, సగం ఆట అయ్యేసరికి పన్నెండు పాయింట్లు వెనకబడ్డాం.

విరామంలో జట్లు గదుల్లోకి వెళ్తాయి. మావాళ్లూ తలలు దించుకుని అటే నడుస్తున్నారు. నేను వాళ్ల వెనక వెళ్తూ ఏం తిట్టాలో వెతుక్కుంటున్నాను. నా దగ్గర తిట్లు కూడా అయిపోయాయి. గోడౌనులోనే అన్నీ వాడేశాను. అప్పుడు తట్టింది. వీళ్లకి బావి ఉందని చూపించాం. లేదని ఎవరూ చూపించలేదు.

"అద్దంకీ, ఇటు రా" అన్నాను.

వాణ్ణి కోర్టు మధ్యకి తీసుకెళ్లి, చేతికి బంతిచ్చి, "కళ్లు మూసుకో" అన్నాను.

వాడికి అర్థమైంది. మొహం ఎర్రబడింది. "ఇక్కడా సార్? అందరూ చూస్తన్నారు."

"చూడనీ. మూసుకో."

మూసుకున్నాడు. బంతి కొట్టడం మొదలుపెట్టాడు. నేను మోచెయ్యి పట్టుకుని పక్కనే నడిచాను. గ్యాలరీలో ఈలలు వేశారు, ఎవరో గుడ్డివాడికి దారి చూపినట్టు వెక్కిరించారు. రింగుకి ఎడమ పక్కకి వచ్చేసరికి వాడి మోచెయ్యి బిగుసుకుంది. నా వేళ్లకి తెలుస్తోంది.

"ఆగకు. కొట్టు. ఏం వినబడతంది?"

"టప్ మంటంది సార్."

"ఇక్కడ?"

"అదే సార్."

"ఇక్కడ?"

"అదే."

రింగు కింద దాకా, మళ్లీ సైడు గీత దాకా, మళ్లీ వెనక్కి, ఆ మంచమంత జాగాని నాగలితో దున్నినట్టు అంతా తిప్పాను. ఎక్కడా 'బొత్' అనలేదు. వాడు బంతి ఆపి, కళ్లు తెరవకుండానే నిలబడ్డాడు.

"బావేదిరా?" అన్నాను.

తల అడ్డంగా ఊపి అన్నాడు, "లేదు సార్."

వెనక్కి తిరిగి చూస్తే పిడుగురాళ్ల కళ్లు మూసుకుని, బంతి పట్టుకుని మధ్య గీత దగ్గర నిలబడి ఉన్నాడు. వాడి వెనక పర్చూరు. నేను పిలవలేదు. వాళ్లంతట వాళ్లే వచ్చి వరసలో నిలబడ్డారు. అంత పొడుగు మనిషి చిన్నపిల్లాడిలా కళ్లు గట్టిగా మూసుకుని నడుస్తుంటే గ్యాలరీ ఇంకా గోల చేసింది. తెల్లగడ్డం ఆయన మాత్రం గదిలోకి వెళ్లకుండా గుమ్మం దగ్గర ఆగి చూస్తున్నాడు. ఆయనకీ అర్థమైందేమోనని నా భయం.

కానీ కళ్లు మూసుకుని నడవడం వేరు, మీద మనిషి ఉండగా పరుగెత్తడం వేరు. మూడో పావులో అద్దంకి రెండుసార్లు ఎడమకి అడుగేసి, రెండుసార్లూ వెనక్కి లాక్కున్నాడు. నేను గీత దాకా పరిగెత్తి అరిచాను. రిఫరీ వేలు చూపించి, ఇంకోసారి అరిస్తే ఫౌల్ ఇస్తానన్నాడు. బెంచీ మీద కూర్చుని నోట్లో తువ్వాలు కుక్కుకున్నాను. పాయింట్లు మాత్రం పర్చూరు దూరం నుంచి వేసి తెస్తున్నాడు. వాడికి ఆ రోజు పూనకం వచ్చింది. పన్నెండు ఎనిమిదైంది, ఎనిమిది ఐదైంది. నాలుగో పావులో పిడుగురాళ్లకి ఐదో ఫౌల్ పడింది. ఐదైతే ఇక ఆడనివ్వరు, బయటికొచ్చేశాడు. వచ్చి నా పక్కన కూర్చుని, ఇంత మనిషీ ఇంతై, "సార్, నా వల్ల పోద్దేమో సార్" అన్నాడు. వాడు అంత పెద్ద వాక్యం మాట్లాడటం అదే మొదటిసారి. వాడి మోకాలి మీద చెయ్యి వేశాను.

నిమిషం కూడా లేదు. ఒక్క పాయింటు వెనకున్నాం. బంతి అద్దంకి చేతిలో ఉంది. వాడికి ఎదురుగా నిలబడ్డవాడు కుడి పక్కంతా కాసి, ఎడమ పక్క వదిలేశాడు. ఇంతసేపూ రానివాడు ఇప్పుడెందుకు వస్తాడని వాళ్ల ధీమా. కుడి పక్క నుంచి పర్చూరు బంతి అడుగుతున్నాడు, వాడి మీద ఇద్దరున్నారు. గ్యాలరీ ఒక్కసారిగా చప్పుడు మానేసింది.

అద్దంకి నా వైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. నేనూ ఒకప్పుడు అలాగే మా కోచ్ వైపు చూశాను. అరవమని అడిగే చూపు అది. ఎవరైనా అరిస్తే ఆ తప్పు అరిచినవాడి మీదకి పోతుంది. నేను అరవలేదు. ఏం చెయ్యాలో తోచక, వాడికి కనబడేట్టు కళ్లు మూసుకున్నాను.

బంతి చప్పుడు వినబడింది. మా వాళ్లెవరికైనా బంతి ఎక్కడుందో చెవితోనే తెలుస్తుంది. 'టప్' మంది, మధ్యలో. 'టప్' మంది, కొంచెం ఇటుగా. ఎడమకి వస్తోంది. నా చేతులు రెండూ వాటంతటవే బంతి పట్టుకోబోయినట్టు లేచాయి. ఆ చోటుకి వచ్చింది. వచ్చిందని నా కడుపుకి తెలిసింది. 'టప్' మంది. మళ్లీ 'టప్' మంది. ఆ తర్వాత చప్పుడు లేదు, బూటు చెక్క మీద కీచుమంది. పిడుగురాళ్ల నా భుజం ఊడిపోయేట్టు లాగాడు. కళ్లు తెరిచేసరికి బంతి వల కింద దొర్లుతోంది.

ఒక్క పాయింటు ముందుకొచ్చినా అప్పటికీ అయిపోలేదు. వాళ్లకి ఇంకా సమయం ఉంది. వాళ్ల పొడుగువాడు ఆఖరి బంతి విసిరాడు. అది రింగు మీద కూర్చుని, లోపలికి పోదామా వద్దా అని ఆలోచించుకుని, బయటికి పడింది. హారన్ మోగింది. నేను బెంచీ మీద కూర్చుండిపోయి, పదిమందిలో ఏడ్చాను. పర్చూరు వచ్చి "గెలిచాం సార్, ఎందుకేడుస్తన్నారు" అన్నాడు, వాడూ ఏడుస్తూనే. తెల్లగడ్డం ఆయన వచ్చి చెయ్యి కలిపి, ఇంగ్లీషులో ఒక్క ప్రశ్న అడిగాడు, విరామంలో ఆ కుర్రాళ్లు ఏదైనా మొక్కు తీర్చుకున్నారా అని. అవునన్నాను.

రెండో రౌండులో మమ్మల్ని చితకబాదారు. ఆ సంగతి చెప్పకపోతే బాగుండదు కాబట్టి చెబుతున్నాను. పచ్చళ్ల సీసాలు మాత్రం ఈసారి ఖాళీ అయ్యాయి.

తిరిగొచ్చాక రిజిస్ట్రార్ గారు పిలిపించి స్వీటు పెట్టారు. "చూశారా, నేను గట్టిగా అనబట్టి గెలిచారు" అన్నారు. అంత కోపం నాకు ఆ ఏడాదిలో రాలేదు. కానీ నోట్లో స్వీటు ఉంది, చేతిలో వచ్చే ఏడాది ఎంట్రీకి ఆయన ఇచ్చిన మాట ఉంది. రెండూ మింగి బయటికొచ్చాను.

ఆ సాయంత్రం మళ్లీ మా కోర్టులో ప్రాక్టీసు. జట్టుని రెండుగా విడగొట్టి హాస్టల్ వైపు ఆడిస్తున్నాను. గెలిచొచ్చారని హాస్టల్ పిల్లలు కూడా గోడెక్కి కూర్చున్నారు. అద్దంకి బంతి కొట్టుకుంటూ వచ్చాడు, ఎదుటివాణ్ణి కుడికి తిప్పి, ఒక్క ఉదుటున ఎడమకి దూసుకుపోయాడు. ఎంత బాగా దూసుకుపోయాడని. 'బొత్' మంది. వాడు ఖాళీ చెయ్యి ఊపుకుంటూ రెండడుగులు ముందుకి పోయి ఆగాడు. అరచెయ్యి వంక చూసుకున్నాడు.

తర్వాత గోడ మీద నుంచి, కోర్టు లోపలి నుంచి ఒకటే గోల. "బజ్జీలు, బజ్జీలు" అని పర్చూరు చిందులేస్తున్నాడు. మా కోర్టులో మావాడే బావిలో పడ్డాడు, అదీ బంతి నడిపించేవాడు. అద్దంకి నవ్వలేదు. "మర్చిపోయా సార్" అన్నాడు నా వైపు తిరిగి. భయపడుతున్నాడు. నేను అరుస్తానని అందరూ చూస్తున్నారు.

బంతి బావి మధ్యలో చచ్చి పడి ఉంది. తీసుకుందామని నడిచాను. రోజూ నడిచే కోర్టే. దగ్గరికి వచ్చేసరికి నా కాళ్లు వాటంతటవే పక్కకి తిరిగి, చుట్టూ తిరిగి వెళ్లబోయాయి. అప్పుడు తెలిసింది. ఈ కోర్టులో ఆడినన్నాళ్లూ, ఆడించినన్నాళ్లూ, బజ్జీలు పెట్టించిన రోజు తప్ప నేను ఆ జాగాలో ఎప్పుడూ కాలు పెట్టలేదు. పిల్లల్ని గోడౌనులో నోటికొచ్చినట్టు తిట్టింది దీనికోసమే.

ఆగి, నేరుగా బావి మీదకి నడిచాను. కాలి కింద పలక కొద్దిగా ఊగింది. నాకు భయమేసింది, ఉన్నమాట. వంగి బంతి తీసుకున్నాను.

"మర్చిపోవడమే మంచిదిరా" అన్నాను అద్దంకితో. వాడికి వినబడిందో లేదో తెలియదు, గోల అలా ఉంది. గట్టిగా ఈల వేశాను.

"రేపు గడ్డపారలు తీసుకురండి. ఈ పలకలు లేపేస్తున్నాం."

గోల ఆగిపోయింది. "రిజిస్ట్రార్ గారికి ఏం చెబుతారు సార్?" అన్నాడు పిడుగురాళ్ల మెల్లగా.

"తవ్వాక చెబుదాం."

పర్చూరు చెయ్యెత్తాడు. "మా ఇంట్లో రెండున్నయ్ సార్" అన్నాడు.